గురుత్వ కటకాల సాయంతో దూరపు ధూళి గెలాక్సీలను అధ్యయనం చేయడం ఎలా: నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు ఒక మార్గదర్శిని

మే నెలలో నల్లగొండలో మిద్దె మీద పక్క వేసుకున్నవారికి ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. పొద్దంతా ఎండ తాగిన స్లాబు, పొద్దుగూకిన తరువాత కంటికి ఏ వెలుగూ ఇవ్వదు. కానీ నడిరాత్రి దాటినా వీపుకు దాని వేడి తగులుతూనే ఉంటుంది. దాదాపు వెయ్యి కోట్ల సంవత్సరాల క్రితం, విశ్వంలో నక్షత్రాలు అత్యంత జోరుగా పుట్టిన కాలంలో, ఎన్నో గెలాక్సీలు ఇదే స్థితిలో ఉండేవి. అప్పుడే పుట్టిన పెద్ద నక్షత్రాల అతినీలలోహిత కాంతిని చుట్టూ ఉన్న ధూళి దాదాపు మొత్తంగా మింగివేసి, 30 నుంచి 50 కెల్విన్‌ల ఉష్ణోగ్రతకు చేరి, ఆ శక్తిని పరారుణ కిరణాలుగా తిరిగి వెళ్లగక్కేది. మన పాలపుంతలో ఏడాదికి ఒకటి రెండు సూర్యులంత పదార్థం నక్షత్రాలుగా మారుతుంటే, ఈ ధూళి గెలాక్సీలలో అది వందల్లో, కొన్నింటిలో వెయ్యి దాకా ఉంటుంది. అయినా మామూలు దూరదర్శినిలో అవి కనిపించవు, కనిపించినా మసక చుక్కకు మించి ఉండవు.

వాటిని విడమరచి చూడడానికి మనకు దొరికిన అతి పెద్ద సాధనం ప్రకృతి పెట్టినదే. మనకూ, దూరపు గెలాక్సీకీ మధ్య మరో భారీ గెలాక్సీ సరిగ్గా అడ్డు వస్తే, దాని గురుత్వాకర్షణ వెనుకనుంచి వచ్చే కాంతిని వంచి, వెనుక ఉన్నదాన్ని పెద్దది చేసి చూపుతుంది. ఈ వ్యాసం మన జిల్లాల కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో భౌతికశాస్త్రం చదువుతున్నవారి కోసం రాస్తున్నాను. దూరదర్శిని అక్కరలేదు, ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కొంత పైథాన్, డిగ్రీ స్థాయి కాంతిశాస్త్రం ఉంటే చాలు. అయితే ఒక్క విషయాన్ని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మరవకూడదు. తెర మీద కనిపించే ప్రతి అంకెలో గెలాక్సీ వాటా కొంత, కటకం వాటా కొంత కలిసి ఉంటాయి. ఆ రెండింటినీ విడదీసి పద్దు రాయడమే ఈ పని మొత్తం.

మొదట గాజుతో మొదలుపెట్టండి

కంప్యూటరు తెరిచే ముందు ఒక పూట ఈ ప్రయోగానికి కేటాయించండి. కాడ, గుండ్రటి అడుగు పలక ఉన్న గాజు గ్లాసు ఒకటి సంపాదించండి. ఐస్‌క్రీం దుకాణాల్లో ఫలూదా పోసి ఇచ్చే గ్లాసుల్లో ఈ రకం ఉంటుంది. పైభాగం పగిలిపోయి కాడతో అడుగు మాత్రం మిగిలిన గ్లాసు దొరికితే ఇంకా మంచిది, విరిగిన కొసకు మందంగా గుడ్డ చుట్టి టేపు వేయండి. ఆ అడుగు పలక కాడ దగ్గర మందంగా ఉండి, అంచుకు పోయేకొద్దీ పలుచబడుతుంది. గురుత్వ కటకం కూడా కేంద్రానికి దగ్గరగా పోయే కాంతిని ఎక్కువగా, దూరంగా పోయే కాంతిని తక్కువగా వంచుతుంది కాబట్టి ఈ గాజు ముక్క దానికి చాలా దగ్గరి నమూనా. మన పాఠాల్లోని కుంభాకార కటకం దీనికి సరిపోదు, ఎందుకంటే అది అంచుల దగ్గరే కాంతిని ఎక్కువగా వంచి, ఒక్క నాభి వద్దకు చేరుస్తుంది.

గ్రాఫ్ కాగితం మీద ఎర్ర సిరాతో చిన్న చుక్క పెట్టి, గాజు పలకను కాగితానికి జానెడు ఎత్తున పట్టుకుని, ఒక కన్ను మూసి చూడండి. చుక్క సరిగ్గా కాడ వెనుకకు వచ్చినప్పుడు అది ఉంగరంలా చుట్టుకుంటుంది. పలకను వెంట్రుకవాసి పక్కకు జరిపితే ఉంగరం తెగి, ఒక వైపు పొడవైన చాపం, ఎదుటి వైపు పొట్టి చాపం మిగులుతాయి. ఇంకా జరిపితే పొట్టిది కాడలోకి ముడుచుకుపోయి, పొడవైనది మళ్లీ చుక్కగా మారుతుంది. ఇప్పుడు సిరా రంగును జాగ్రత్తగా గమనించండి. చాపం చుక్క కంటే ఎన్నో రెట్లు పెద్దది, కానీ దాని ఎరుపు మాత్రం చుక్క ఎరుపంతే, అంతకంటే ముదరలేదు. గురుత్వ కటకం కూడా ఉపరితల ప్రకాశాన్ని మార్చదు. విస్తీర్ణాన్ని మాత్రమే పెంచుతుంది, విస్తీర్ణం పెరిగినందువల్లనే మనకు చేరే మొత్తం కాంతి పెరుగుతుంది. ఈ ఒక్క సూత్రం వేళ్లకు పట్టుబడితే, తరువాత వచ్చే గణితం సగం సులువవుతుంది.

కోణాల లెక్క

గురుత్వం కాంతిని వంచుతుందని 1919 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో పరీక్షించారు. సూర్యుని అంచును ఒరుసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్ సెకన్లు వంగాలన్నది ఐన్‌స్టీన్ లెక్క. 1980 ఫిబ్రవరి 16న మన పొరుగునే, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల నుంచి శాస్త్రవేత్తలు సంపూర్ణ గ్రహణాన్ని పరిశీలించిన సంగతి మీ ఇళ్లలో పెద్దలను అడిగితే ఇప్పటికీ చెబుతారు. గెలాక్సీలు కూడా కటకాలుగా పనిచేయగలవని 1937లో ఫ్రిట్జ్ జ్వికీ సూచించాడు. అలాంటి మొదటి ఉదాహరణ, ఒకే క్వేజార్ (కృష్ణబిలం వల్ల అతిగా వెలిగే దూరపు గెలాక్సీ కేంద్రం) రెండుగా కనిపించడం, 1979లో దొరికింది.

ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. లతీఫ్ సాహెబ్ గుట్ట మీద నిలబడి, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న సెంటీమీటరు వెడల్పు రేగుపండును చూస్తే అది మన కంటి వద్ద చేసే కోణం సుమారు ఒక ఆర్క్ సెకను. గెలాక్సీ కటకాలు గీసే వలయాల వ్యాసార్ధం సాధారణంగా ఒకటి రెండు ఆర్క్ సెకన్లు మాత్రమే ఉంటుంది. దీన్ని ఐన్‌స్టీన్ వ్యాసార్ధం అంటారు. కటక గెలాక్సీలోని నక్షత్రాల వేగ విస్తృతిని (వాటి వేగాలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే కొలతను) కాంతి వేగంతో భాగించి, వర్గం చేసి, నాలుగు పైతో గుణించి, చివరగా కటకం నుంచి మూలానికి, అంటే వెనుక ఉన్న గెలాక్సీకి, ఉన్న దూరానికీ, మన నుంచి మూలానికి ఉన్న దూరానికీ గల నిష్పత్తితో గుణిస్తే ఈ వ్యాసార్ధం రేడియన్లలో వస్తుంది. వేగ విస్తృతి సెకనుకు 250 కిలోమీటర్లయితే నిష్పత్తికి ముందున్న భాగం 1.8 ఆర్క్ సెకన్లు. రెడ్‌షిఫ్ట్ అంటే విశ్వ వ్యాకోచం వల్ల కాంతి తరంగదైర్ఘ్యం ఎంత సాగిందో చెప్పే సంఖ్య, అది ఎంత ఎక్కువైతే వస్తువు అంత దూరం. కటకం రెడ్‌షిఫ్ట్ 0.299, మూలం రెడ్‌షిఫ్ట్ 3.042 అయిన జంటకు నిష్పత్తి సుమారు 0.81 కాబట్టి, వ్యాసార్ధం 1.46 ఆర్క్ సెకన్ల దగ్గర తేలుతుంది. ఈ రెండు రెడ్‌షిఫ్ట్‌లు ఎస్‌డీపీ.81 అనే నిజమైన వస్తువువి. దాని వలయాన్ని కొలిస్తే ఒకటిన్నర ఆర్క్ సెకన్ల వ్యాసార్ధమే కనిపిస్తుంది. ఈ లెక్కను చేత్తో ఒకసారి వేసి చూడండి.

ఇదే సరళ నమూనాలో మరో ఉపయోగకరమైన సూత్రం ఉంది. మూలం కటక కేంద్రం నుంచి ఎంత పక్కకు ఉందో ఆ కోణంతో, ఐన్‌స్టీన్ వ్యాసార్ధానికి రెట్టింపును భాగిస్తే మొత్తం ఆవర్ధనం, అంటే కాంతి ఎన్ని రెట్లు పెరిగిందన్నది, వస్తుంది. వ్యాసార్ధం 1.5, పక్కకు జరిగిన దూరం 0.2 అయితే ఆవర్ధనం 15. ఆ 0.2 స్థానంలో 0.3 పెట్టి చూడండి, ఆవర్ధనం 10కి పడిపోతుంది. ఆర్క్ సెకనులో పదో వంతు పొరపాటు మీ ఫలితాన్ని మూడో వంతు మార్చివేస్తుంది.

సబ్‌మిల్లీమీటర్ కాంతే ఎందుకు

ఈ ధూళి తన సొంత చోట 100 మైక్రాన్ల ప్రాంతంలో అత్యధికంగా ప్రకాశిస్తుంది. విశ్వ వ్యాకోచం వల్ల ఆ తరంగదైర్ఘ్యం సాగి, రెడ్‌షిఫ్ట్ 4 వద్ద ఉన్న గెలాక్సీ నుంచి 500 మైక్రాన్ల దగ్గర మనకు చేరుతుంది. దీనిలో ఒక విశేషం ఉంది. గెలాక్సీ ఎంత దూరం జరిగితే దాని కాంతి అంత మసకబారాలి. కానీ 850 మైక్రాన్ల వద్ద చూస్తున్నప్పుడు, దూరం పెరిగేకొద్దీ మనం ధూళి వర్ణపటంలో శిఖరానికి మరింత దగ్గరి భాగాన్ని చూస్తుంటాం కాబట్టి, పోయినదీ వచ్చినదీ దాదాపు సరిపోయి, రెడ్‌షిఫ్ట్ 1 నుంచి 8 దాకా ఒకే రకమైన గెలాక్సీ ఇంచుమించు ఒకే ప్రకాశంతో కనిపిస్తుంది. ఖగోళశాస్త్రంలో దూరం దాదాపు శిక్ష వేయని చోటు ఇది. అందుకే నాకు ఈ రంగం మీద ఇంత మమకారం.

నల్లగొండ గాలిలోని నీటి ఆవిరి ఈ తరంగాలను నేలకు చేరనివ్వదు. చిలీలోని ఆటకామా ఎడారిలో 5000 మీటర్ల ఎత్తున 66 యాంటెన్నాలతో ఉన్న ఆల్మా, దక్షిణ ధ్రువం వద్ద ఉన్న 10 మీటర్ల దూరదర్శిని, 2009 నుంచి 2013 దాకా అంతరిక్షంలో పనిచేసిన 3.5 మీటర్ల హెర్షెల్ ఇందుకోసమే అంత పొడి చోట్లకు, అంత ఎత్తులకు వెళ్లాయి. ఈ తరగతి గెలాక్సీలు బయటపడ్డదీ కటకాల వల్లనే: 1997లో హవాయిలోని స్క్యూబా అనే కెమెరాను స్మెయిల్, ఐవిసన్, బ్లెయిన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఏబెల్ 370తో సహా రెండు గెలాక్సీ గుచ్ఛాల వైపు తిప్పి, ఆ గుచ్ఛాలు పెద్దవి చేసి చూపిన దూరపు ధూళి గెలాక్సీలను కనుగొన్నారు.

వస్తువును ఎంచుకోవడం

మొత్తం ఆకాశాన్ని వడపోసి కటకాలను పట్టే పద్ధతి చాలా సూటిది. 500 మైక్రాన్ల వద్ద 100 మిల్లీజాన్‌స్కీలను (ఈ తరంగాల్లో ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం) మించిన వస్తువులను జాబితా వేయండి. అంత సహజ ప్రకాశం గల దూరపు గెలాక్సీలు అతి అరుదు కాబట్టి, ఆ జాబితాలో దగ్గరి సర్పిల గెలాక్సీలనూ, రేడియోలో మెరిసే బ్లేజార్లనూ (కేంద్రంలోని కృష్ణబిలం నుంచి మనవైపుకే ధార చిమ్మే గెలాక్సీలు) తీసివేస్తే మిగిలేవి దాదాపు అన్నీ కటకం వెనుకవే. 2010లో నెగ్రెల్లో బృందం హెర్షెల్ చూసిన 14.4 చదరపు డిగ్రీల ఆకాశంలో ఇలాంటి 11 వస్తువులను తీసుకుంది. వాటిలో నాలుగు దగ్గరి సర్పిలాలు, ఒకటి బ్లేజార్, ఒకటి మన పాలపుంతలోని ధూళి మేఘం. మిగిలిన ఐదూ కటకాలే. దక్షిణ ధ్రువపు దూరదర్శిని 2500 చదరపు డిగ్రీల సర్వేలో ఇలాంటివాటిని 1.4 మిల్లీమీటర్ల, 2 మిల్లీమీటర్ల ప్రకాశాల నిష్పత్తి చూసి ఏరారు. ధూళికి పొట్టి తరంగం వద్ద ప్రకాశం ఎక్కువ, బ్లేజార్లకు పొడవు తరంగం వద్ద ఎక్కువ.

మీరు కొత్త కటకం కోసం వెతకడంతో మొదలుపెట్టవద్దు. బాగా తెలిసిన వస్తువును తీసుకుని, తెలిసిన జవాబు మీకు వస్తుందో లేదో చూసుకోవడమే సరైన మొదటి మెట్టు. నేను ఎప్పుడూ ఎస్‌డీపీ.81నే ఇస్తాను. 2014 చివరలో ఆల్మా తన యాంటెన్నాలను 15 కిలోమీటర్ల దూరం దాకా విస్తరించి దీన్ని పరీక్షగా చూసింది, అత్యుత్తమంగా 0.023 ఆర్క్ సెకన్ల సూక్ష్మతతో దాదాపు పూర్తి వలయం కనబడింది, ఆ సమాచారం అంతా అందరికీ అందుబాటులో ఉంది. హెర్షెల్ దీన్ని చుక్కగానే ఎందుకు చూసిందో కూడా లెక్క కట్టండి: 500 మైక్రాన్లను 3.5 మీటర్లతో భాగించి 1.22తో గుణిస్తే 36 ఆర్క్ సెకన్లు వస్తుంది, వలయమేమో మూడు ఆర్క్ సెకన్ల వెడల్పు. ఈ వస్తువు ఖగోళ మధ్యరేఖకు ఆనుకుని, హైడ్రా రాశిలో ఉంది. ఫిబ్రవరి చివరి వారంలో రాత్రి 11 గంటల ప్రాంతంలో నల్లగొండ నుంచి దక్షిణానికి తిరిగితే 73 డిగ్రీల ఎత్తున అది ఉండే చోటు వస్తుంది. కంటికేమీ కనిపించదు, అయినా పని మొదలుపెట్టే ముందు ఒక్కసారి అటు చూడమని నా విద్యార్థులందరికీ చెబుతాను.

కొత్త కటకాన్ని పట్టాలన్న కోరిక ఉన్నవారికి స్పేస్ వార్ప్స్ అనే ప్రజా విజ్ఞాన ప్రాజెక్టు ఉంది. దాన్ని నడిపినవారిలో పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రపు శాస్త్రవేత్త అనుప్రీత మోరే ఒకరు. 2014 జనవరిలో ఈ ప్రాజెక్టులోని సాధారణ ప్రజలే ఒక ఎర్రటి వలయాన్ని గుర్తించారు. అది రెడ్‌షిఫ్ట్ 2.55 వద్ద ఉన్న అతి ప్రకాశవంతమైన ధూళి గెలాక్సీ అని తేలింది. 9ఐఓ9 అని పిలిచే ఆ గెలాక్సీలో ధూళి నుంచి వచ్చే ధ్రువణ కాంతిని ఆల్మాతో కొలిచి, 2023లో దాని అయస్కాంత క్షేత్రపు తీరును కూడా ప్రకటించారు.

సమాచారాన్ని దింపుకోవడం

ఆల్మా భాండాగారంలో వస్తువు పేరుతోగానీ, నిర్దేశాంకాలతోగానీ వెతకవచ్చు. ప్రతిపాదించిన బృందానికి ఇచ్చే ప్రత్యేక గడువు, మామూలుగా ఏడాది, ముగిసిన తరువాత అక్కడి సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ముడి సమాచారం వందల గిగాబైట్లు ఉండవచ్చు కాబట్టి మొదట దానిని తాకకండి. సిద్ధం చేసిన ఫిట్స్ (ఖగోళ చిత్రాలకు వాడే ఫైలు రూపం) చిత్రాలను మాత్రమే దింపుకోండి. వాటిని చూడడానికి డీఎస్9 గానీ కార్టా గానీ, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. ల్యాప్‌టాప్ బలహీనమైతే లెక్కలను గూగుల్ కోలాబ్‌లో నడపవచ్చు. కటక గెలాక్సీ ఎక్కడుందో తెలియడానికి హబుల్ చిత్రం కూడా తీసుకోండి. ఇక్కడ ఒక అదృష్టం ఉంది. కటక గెలాక్సీలు సాధారణంగా ముసలి, ధూళి లేని దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. అవి దృశ్యకాంతిలో వెలుగుతాయి, మిల్లీమీటర్ తరంగాల్లో దాదాపు చీకటి. మూల గెలాక్సీ దీనికి సరిగ్గా తలకిందులు. కాబట్టి ఆల్మా చిత్రంలో వలయం మీద కటకం వెలుగు పడి కలుషితం చేయదు.

చిత్రం తెరవగానే మూడు సంగతులు నోటుబుక్కులో రాసుకోండి: ఒక పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్ సెకన్లు, పుంజం వెడల్పు (చిత్రంలో విడదీసి చూడగల అతి చిన్న కోణం) ఎంత, ప్రకాశపు ప్రమాణం ఏమిటి. ఆకాశ చిత్రాల్లో తూర్పు ఎడమ వైపుకు ఉంటుందని కూడా రాసుకోండి. నేను మొదటిసారి నమూనా కట్టినప్పుడు హబుల్ చిత్రాన్ని తూర్పు కుడివైపుకు వచ్చేలా చదివాను. కటక కేంద్రం వలయ కేంద్రంతో ఎంతకూ కలవక, లేని రెండో కటకం కోసం మూడు వారాలు వెతికాను. తప్పు ఒక్క గుర్తులో ఉంది.

రెడ్‌షిఫ్ట్‌ను నిర్ణయించడం

ధూళి రంగు చూసి దూరం చెప్పే ప్రయత్నం ఆకర్షణీయంగా ఉంటుంది, కానీ అది నమ్మదగినది కాదు. వర్ణపట శిఖరం ఎక్కడ కనిపిస్తుందన్నది ధూళి ఉష్ణోగ్రతను ఒకటి కలిపిన రెడ్‌షిఫ్ట్‌తో భాగించగా వచ్చే సంఖ్య మీదే ఆధారపడుతుంది. రెడ్‌షిఫ్ట్ 2 వద్ద 30 కెల్విన్‌ల ధూళి, రెడ్‌షిఫ్ట్ 4 వద్ద 50 కెల్విన్‌ల ధూళి మనకు ఒకే రంగులో కనిపిస్తాయి. వేడిగా ఉండి దూరమా, చల్లగా ఉండి దగ్గరా అన్నది రంగు ఒక్కటీ చెప్పలేదు.

అణువుల రేఖలు చెబుతాయి. కార్బన్ మోనాక్సైడ్ అణువు భ్రమణ స్థాయిలు దిగుతున్నప్పుడు వెలువడే రేఖలు 115.27 గిగాహెర్ట్జ్‌కు దాదాపు సరిగ్గా ఒకటి, రెండు, మూడు, నాలుగు రెట్ల వద్ద, నిచ్చెన మెట్లలా సమాన దూరాల్లో ఉంటాయి. రెడ్‌షిఫ్ట్ ఈ నిచ్చెనను మొత్తంగా కుదిస్తుంది. ఆల్మా మూడో బ్యాండులో, అంటే 84 నుంచి 116 గిగాహెర్ట్జ్ మధ్య, మీకు 85.55 వద్ద ఒక రేఖ, 114.06 వద్ద మరో రేఖ కనిపించాయనుకోండి. అవి పక్కపక్క మెట్లయితే మధ్య దూరం 28.51, 115.27ను దానితో భాగిస్తే 4.04. అందులోంచి ఒకటి తీసివేస్తే రెడ్‌షిఫ్ట్ 3.04. ఇక 85.55ను 4.04తో గుణిస్తే 345.6 వస్తుంది, మూడో మెట్టు 345.80 కాబట్టి లెక్క కుదిరింది. దక్షిణ ధ్రువపు సర్వేలోని 26 గెలాక్సీలను ఆల్మాతో ఇలా జల్లెడ పట్టినప్పుడు 23లో రేఖలు దొరికాయి. రేఖ ఒక్కటే దొరికితే అది ఏ మెట్టో తెలియదు, అప్పుడు 1900.54 గిగాహెర్ట్జ్ వద్ద పుట్టే అయనీకృత కార్బన్ రేఖ వంటి రెండో సాక్ష్యం వచ్చేదాకా రెడ్‌షిఫ్ట్ పక్కన ప్రశ్నార్థకం ఉంచండి.

కటకం నమూనా కట్టడం

ఇక్కడే ఎక్కువ సమయం గడపాలి. లెన్‌స్ట్రానమీ, పైఆటోలెన్స్ అనే రెండు పైథాన్ సాధనాలు ఉచితం. గుచ్ఛాల వంటి పెద్ద కటకాలకు లెన్స్‌టూల్ వాడతారు, కానీ గుచ్ఛంలో డజన్ల కొద్దీ గెలాక్సీల ద్రవ్యరాశిని ఒకేసారి తూచాలి కాబట్టి దాన్ని రెండో ఏటికి వదలండి.

మొదట కటకాన్ని కొద్దిగా దీర్ఘవృత్తాకారంగా నొక్కిన సరళ నమూనాగా తీసుకోండి. దానికి ఐన్‌స్టీన్ వ్యాసార్ధం, కేంద్రపు రెండు నిర్దేశాంకాలు, నొక్కుడు ఎంత, ఏ దిశలో అన్నవి కలిపి ఐదు సంఖ్యలు చాలు. చుట్టుపక్కల గెలాక్సీల లాగుడుకు మరో రెండు సంఖ్యలు కలపండి. మూలాన్ని కూడా మొదట ఒక్క నునుపైన ముద్దగా ఊహించండి. వలయం వ్యాసార్ధాన్ని స్కేలుతో కొలిచినట్టు చిత్రం మీదే కొలిచి, ఆ విలువనే ఆరంభంగా ఇవ్వండి. గుడ్డిగా ఇస్తే ప్రోగ్రాము తప్పు లోయలో దిగి అక్కడే కూర్చుంటుంది. ఈ నమూనా గీసిన వలయాన్ని అసలు చిత్రం నుంచి తీసివేసి, మిగిలిన అవశేషాన్ని చూడండి. అవశేషం వట్టి రొదలా (ఏ తీరూ లేని యాదృచ్ఛిక అలజడిలా) ఉంటే ముందుకు పదండి. చాపం వెంట తెల్లటి, నల్లటి మచ్చలు జంటలుగా కనిపిస్తే మూలం ఆకారం సరళంగా లేదని అర్థం. వలయానికి ఒక్క చోట మాత్రమే తేడా పట్టుబట్టినట్టు మిగిలిపోతే, అక్కడ కటకంలో అదనపు ద్రవ్యరాశి ఉందేమో ఆలోచించాలి. ఎస్‌డీపీ.81 విషయంలో 2016లో హెజావే బృందం అలాంటి సూక్ష్మమైన తేడా నుంచే, సుమారు వంద కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణ పదార్థపు ఉపముద్దను గుర్తించింది. అయితే ఆ మెట్టుకు చేరేముందు మూలం ఆకారం, పరికరం లోపాలు, దశ దిద్దుబాటు లోపాలు అన్నీ వరుసగా కొట్టివేయాలి.

ఆల్మా విషయంలో మరో జాగ్రత్త ఉంది. అది కెమెరా కాదు, వ్యతికరణమాపకం. అది నిజంగా కొలిచేది చిత్రపు ఫూరియే అంశాలను; మనం చూసే చిత్రం వాటి నుంచి తిరిగి కట్టినది. అందువల్ల పక్కపక్క పిక్సెళ్లలోని రొద ఒకదానికొకటి సంబంధం లేనిది కాదు, ఒకే అలలో ఊగుతుంది. ప్రతి పిక్సెల్ స్వతంత్రమని భావించే గణాంకాలు ఇక్కడ మీ దోష పరిమితులను ఉన్నదానికంటే చిన్నవిగా చూపిస్తాయి. నేర్చుకునే దశలో చిత్రం మీదే నమూనా కట్టండి; ఫలితాన్ని ఎవరికైనా చూపించే ముందు మాత్రం ఫూరియే అంశాల మీదే మళ్లీ కట్టండి, పైఆటోలెన్స్‌లో అందుకు ఏర్పాటు ఉంది.

గెలాక్సీ సొంత రూపానికి తిరిగి రావడం

నమూనా కుదిరిన తరువాత వలయాన్ని మూల తలానికి, అంటే కటకం వంచకముందు ఉన్న రూపానికి, వెనక్కి పంపితే అసలు గెలాక్సీ కనిపిస్తుంది. రెడ్‌షిఫ్ట్ 3 వద్ద ఒక ఆర్క్ సెకను అంటే సుమారు 25,000 కాంతి సంవత్సరాలు. కటకం, ఆల్మా కలిసి ఎస్‌డీపీ.81లో సుమారు 200 కాంతి సంవత్సరాల దాకా సూక్ష్మంగా నక్షత్ర జనన మేఘాలను చూపించాయి. రేఖ ఉంటే వేగాలు కూడా దొరుకుతాయి. ఎస్‌పీటీ 0418-47 అనే రెడ్‌షిఫ్ట్ 4.225 గెలాక్సీ ఆకాశంలో వట్టి ఉంగరం. 2020లో రిజ్జో బృందం అయనీకృత కార్బన్ రేఖను వేగాల వారీగా వెనక్కి పంపితే, అల్లకల్లోలంగా ఉంటుందనుకున్న ఆ తొలినాటి గెలాక్సీ కుదురుగా, క్రమబద్ధంగా తిరుగుతున్న పలుచని బిళ్లగా బయటపడింది. ఆకాశంలోని ఉంగరపు వంపును చూసి వేగాల గురించి ఒక్క మాట కూడా చెప్పగలిగేవాళ్లం కాదు.

ఇప్పుడు పద్దు. రెడ్‌షిఫ్ట్ 2.3 వద్ద ఉన్న కాస్మిక్ ఐలాష్ అనే గెలాక్సీ 870 మైక్రాన్ల వద్ద సుమారు 106 మిల్లీజాన్‌స్కీలతో కనిపిస్తుంది. దాని ఆవర్ధనం సుమారు 32. భాగిస్తే గెలాక్సీ సొంత వాటా 3 మిల్లీజాన్‌స్కీలకు కాస్త పైన. పరారుణ దీప్తిని ఆవర్ధనంతో భాగించిన తరువాతే నక్షత్ర జనన రేటు కట్టాలి. వెయ్యి కోట్ల సూర్యుల దీప్తికి ఏడాదికి ఒక సూర్యుడంత అన్నది ఉరామరి లెక్క. పుట్టే నక్షత్రాల్లో చిన్నవాటి వాటాను వేరుగా ఊహిస్తే ఇది 1.7 రెట్లు మారుతుంది. వాయు ద్రవ్యరాశిలో చిక్కు మరింత పెద్దది, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్ కాంతిని ద్రవ్యరాశిగా మార్చే గుణకానికి పాలపుంత వంటి గెలాక్సీలకు 4.3, ఉధృత జనన గెలాక్సీలకు 0.8 అన్న రెండు అలవాట్లున్నాయి. మీరు ఏది వాడారో రాయకపోతే మీ అంకె ఎవరికీ పనికిరాదు.

అన్నిటికంటే తరచుగా దొర్లే పొరపాటు, ఆవర్ధనం గెలాక్సీ అంతటికీ ఒక్కటే అనుకోవడం. ధూళి గెలాక్సీ నడిమధ్యలో ఇరుకుగా ఉండవచ్చు, చల్లని వాయువు దూరందాకా పరచుకుని ఉండవచ్చు, నక్షత్రాలు మరో వైపుకు ఒరిగి ఉండవచ్చు. కటకపు పదునైన గీత, అంటే మూల తలంలో ఆవర్ధనం అత్యధికంగా ఉండే గీత, దేని మీదుగా పోతే అది ఎక్కువ పెద్దదవుతుంది. కాబట్టి ధూళికి ఒక ఆవర్ధనం, ప్రతి రేఖకూ దాని సొంత ఆవర్ధనం లెక్కించండి; రెండు రేఖల నిష్పత్తి చూసి వాయువు వేడి గురించి చెప్పే ముందు ఇది తప్పనిసరి. 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని ఎస్‌పీటీ 0418-47లో 3.3 మైక్రాన్ల కర్బన అణువుల కాంతిని పట్టినప్పుడు, అది ధూళి ఉన్న ప్రతి చోటా సమానంగా లేదని తేలింది. ఆ తేడా గెలాక్సీదా, కటకానిదా అని అడిగే అలవాటు మీకు మొదటి నుంచీ ఉండాలి.

హైడ్రోజన్ మీద ఆసక్తి ఉన్నవారికి మన దేశంలోనే దారి ఉంది. పుణె దగ్గరి ఖోడద్‌లో 45 మీటర్ల యాంటెన్నాలు 30 ఉన్న జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని సమాచారంతో అర్ణబ్ చక్రవర్తి, నిరుపమ్ రాయ్ 2023లో రెడ్‌షిఫ్ట్ 1.29 వద్ద ఉన్న గెలాక్సీ 21 సెంటీమీటర్ల రేఖను పట్టారు. అక్కడ కటకం దాదాపు 30 రెట్లు సాయం చేసింది.

చివరి పరీక్ష

ఫలితం వచ్చాక, దాన్ని పాడుచేయడానికి మీరే ప్రయత్నించాలి. మీ నమూనాతో ఒక కల్పిత వలయాన్ని తయారుచేసి, అసలు చిత్రంలో ఉన్నంత రొద కలిపి, ఏమీ తెలియనట్టు మళ్లీ మొదటి నుంచి విశ్లేషించి, పెట్టిన ఆవర్ధనం తిరిగి వస్తుందో చూడండి. సమాచారాన్ని రెండు సగాలుగా విడగొట్టి వేర్వేరుగా కట్టి చూడండి. మూల తలపు పిక్సెల్ పరిమాణాన్ని మార్చండి.

ఒక వేసవిలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన విద్యార్థిని ఒకరు ఎస్‌డీపీ.81ను వెనక్కి పంపి, గెలాక్సీ అంచున ఒక చిన్న ప్రకాశవంతమైన మచ్చను చూపించి, "సార్, ఇది నిజంగ గెలాక్సీల ఉన్నదా, లేకపోతే మన లెక్కల పుట్టిందా?" అని అడిగింది. జవాబు నేను చెప్పలేదు. పిక్సెల్‌ను సగానికి తగ్గించమన్నాను. మచ్చ ఉన్న చోటే ఉంది, కాకపోతే కాస్త ఇరుకైంది. ఆరో బ్యాండు సమాచారం మీద కట్టిన అదే నమూనాను ఏడో బ్యాండు మీద కట్టమన్నాను, మచ్చ మాయమైంది. అది నిజమైన మేఘమైతే వలయం మీద కనీసం రెండు చోట్ల దాని ప్రతిబింబాలు పడాలి కదా అని, ఆమె ఆ రెండు చోట్లను నమూనా నుంచి లెక్కించి ఆరో బ్యాండు చిత్రంలో వెతికింది. ఒక చోట మాత్రమే కాంతి ఉంది, రెండో చోట రొద తప్ప ఏమీ లేదు. ఆమె నోటుబుక్కులో ఆ మచ్చ నిర్దేశాంకాలు రాసి, పక్కన "మూలానిది కాదు" అని రాసుకుని, ఆ చోటును కప్పిపెట్టి ఆవర్ధనాన్ని మళ్లీ లెక్కించడం మొదలుపెట్టింది.